చుక్కల లెక్క

దేవరకొండ కాలేజీ గ్రౌండుల
నార చాప పరిచి మేకులు కొట్టినంక
బోర్లేసిన పెయింటు డబ్బా మీద కూసుని
నేను స్కోరు రాసేటోణ్ణి.
పరుగు తీస్తే అంకె, తీయకుంటే చుక్క.
అంతే నాకొచ్చిన చదువు.

ఓర్సు తిరుమలేషు పేరు నా పుస్తకంల ఎక్కిననాడు
వరుసగ ముప్ఫై ఒక్క చుక్క పెట్టిన.
పెన్సిల్ మొన అరిగింది.
హద్దు కాడ నిలబడ్డోళ్లు
"కొట్టరా, చేతగాకుంటే దిగిపోరా" అని ఒకటే మొత్తుకునుడు.
పిలగాడు బ్యాటు పైకెత్తి
బంతికి తొవ్వ ఇడుస్తున్నడు,
లోడు లారీ వస్తే పక్కకు జరిగినట్టు.

వాళ్ల నాయిన క్వారీల రాయి కొట్టేటోడు.
సుత్తె ఎత్తే ముందు
రాతికి చెవి ఆనిచ్చి ఇనేటోడట,
యాడ పగుల్తదో రాయే చెప్తదని.
చెప్పందాక ఎత్తొద్దట.
కొడుకు గదే నేర్చిండు.
ఎర్రగ బుస కొట్టే కొత్త బంతి
పాతబడేదాక నిలబడుడే వాని పని.
దాని మెరుపంత వీడు ఒంటితోని తుడిచి పెడితే
అయిదో నంబరోడు వచ్చి అందంగ ఆడి
ఫోటో దిగుతడు.

నల్లగొండల జిల్లా సెలక్షన్ మ్యాచ్.
యాభై దాటినోళ్లనే పట్నం పిలుస్తమన్నరు.
వీడు నలభై ఎనిమిది.
ఆఖరి ఓవర్ల బంతి తొడకు తగిలి
ఫైన్ లెగ్ దిక్కు ఉరికింది. రెండు పరుగులు.
అంపైరు కాలు లేపి మోకాలు తట్టిండు.
నేను జూసిన.
అందిందని చెయ్యి గూడ లేపిన.
రెండో స్కోరరు చాయ్‌కు పొయ్యిండు.
ఆ రెండూ వాని ఖాతాల రాసిన.

మాల్ మీదుగ పట్నం బస్సు. ఆరేండ్ల రంజీ.
ఆ తర్వాత దేశం టోపీ.
తొలి టెస్టునాడు జిరాక్స్ షాపుల టీవీ పెట్టి
నేనూ ఒక నోటుబుక్కు తెరుసుకున్న.
ఒక చుక్క. మరుసటి బంతికే ఔటు.
అంత పెద్ద పేజీ తెల్లగ మిగిలింది.
రెండోసారి దిగినప్పుడు
చలికి అంపైర్లు చేతులు జేబుల నుంచి తియ్యలే.
వీడు నాలుగు గంటల నలభై నిమిషాలు ఉన్నడు.
ఆధార్ కాపీకొచ్చినోళ్లు "ఎంత కొట్టిండన్నా" అంటే
"ఎన్ని ఇడిసిండో అడుగుండ్రి" అన్న.

పదకొండు టెస్టులు.
వంద లేదు. తొంభై ఒకటి ఉంది.
ఒకే వేలు ఒకే తావుల మూడుసార్లు ఇరిగింది.
ఒక పొద్దు టీంల పేరు రాలే.
వానికి ఫోన్ గూడ చెయ్యలే ఎవలు,
అందరి లెక్కనే టీవీల జూసుకున్నడట.

మొన్న షాపుకొచ్చిండు,
కోచ్ నౌకరికి కాగితాలు కాపీ తీయనీకి.
వంకరపోయిన వేలుతోనే నోట్లు లెక్కవెడుతుంటే
ఇరవై రెండేండ్లది నోట్లెకొచ్చింది.
"తిరుమలేషూ, గా యాభై నీది గాదు.
రెండు లెగ్ బైలు."

శానసేపు ఏమనలే.
బంతి ఇడిసినట్టే ఇడిసిండనుకున్న.
తర్వాత ఎడమ తొడ మీద చెయ్యేసుకుని
"దెబ్బ నాదే గదనే" అన్నడు.
"పరుగు మాత్రం ఎవలదో నాకూ తెల్వదు."

పాత పుస్తకం అడిగిండు.
అంకెలు జూడలే. చుక్కల మీద వేలు నడిపించుకుంట
ఇది లోపలికొచ్చింది, ఇది ఎగిరింది,
ఇది జర్రంతల తప్పిందని చెప్పవట్టిండు.
పేజీ జిరాక్స్ తీసిన.
అంకెలచ్చినయి. చుక్కలు పడలే,
పెన్సిల్ గీత అంత పల్చన.

నలుపు ఎక్కువ పెట్టి మళ్ల తీసిన.
ఈసారి చుక్కలన్నీ వచ్చినయి,
వాటెంబడి చాయ్ మరక, గ్రౌండు దుమ్ము,
నా బొటనవేలి ముద్ర.

మడత పెట్టి జేబుల వేసుకుని
రూపాయి తీయబోయిండు.
వద్దన్న.
బల్ల మీద పెట్టే పొయ్యిండు.